ఫెయిలిర్దౌస్ ఫస్టొచ్చింది

చాయ్ చల్లారితే మళ్ల వేడి చేస్త గాని, ముందు ఇది వినుండ్రి. మొన్న మా కాలేజీల నేను ఒక్క మీట నొక్కిన. రెండంటే రెండుసార్లే! దాంతోని మా ప్రిన్సిపాల్ సారు ఒకేసారి పాసూ అయిండు, ఫెయిలూ అయిండు. ఫస్టొచ్చిన పిల్ల ఏడ్చుకుంట ఇంటికి పోయి తలుపేసుకున్నది. ఫెయిలైన పోరడేమో గల్లీ అంత పాలకోవ పేడాలు పంచిండు. ఏంది, అప్పుడే నవ్వుతున్నరు? అసలు ముచ్చట ఇంకా షురూనే కాలే!

నేను చెప్పేది కామర్స్ పాఠమని మీకు ఎరుకే గదా. సెలవుల్ల మన భివండీ నుంచి కళ్యాణ్ పోయి ఒక కంప్యూటర్ కోర్సు చేసిన పాపానికి, కాలేజీల తెర వెలగకపోయినా నన్నే పిలుస్తరు, ఫ్యాన్ తిరగకపోయినా నన్నే పిలుస్తరు. "స్వరూపా మేడంకు కంప్యూటర్ వస్తది" అని పేరు పడ్డది. నాకూ లోపల జర గర్వమే, అబద్ధమెందుకు! పైంగ నౌకరి ఇంకా టెంపరరీ. ఈ నెలల మేనేజ్‌మెంటోళ్లు కూసొని నన్ను పర్మనెంట్ చేసుడా వద్దా చూస్తరట. గందుకే ఎవరేం పని చెప్పినా "ఒక్క నిమిషం, చేసేస్త" అంటున్న. గా ఒక్క నిమిషమే నా కొంప ముంచింది.

మా ప్రిన్సిపాల్ పరాంజపే సారు ఒకరోజు నన్ను పిలిచిండు. ఆయన మాట్లాడేది మరాఠీ, మధ్యల ఇంగ్లీషు. నేను మన తెలుగుల చెప్తున్న.

"మేడం, పిల్లలందరు కంప్యూటర్ వచ్చు, కంప్యూటర్ వచ్చు అంటున్నారు. నిజంగా ఎంత వచ్చు? ఫస్టియర్ వాళ్లకు ఒక పరీక్ష పెట్టండి. రాత పరీక్ష కాదు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించండి. పాసైన వాళ్లు అడ్వాన్స్ బ్యాచ్. ఫెయిలైన వాళ్లకు మొదటి నుంచి నేర్పుదాం."

"ఒక్క నిమిషం సర్, చేసేస్త," అన్న.

ఇగ పరీక్ష రోజు చూడాలె! మా ల్యాబుల చెప్పులు బయట విడిచి రావాలె, దేవుని గుడి లెక్క. పిల్లలు కాళ్లు కడుక్కొని మరీ వచ్చిన్రు. ఒక పిల్లయితే కంప్యూటర్‌కు దండం పెట్టి కూసున్నది. పక్క గల్లీల సాంచాలు, గవే కరెంటు మగ్గాలు, ఖటక్ ఖటక్ అని నడుస్తున్నయ్, ఆ మోతల నేను గొంతు చించుకొని లెక్చర్ కొట్టిన.

"చూడుండ్రి! పేపర్ల ఒక ఉత్తరం ఇచ్చిన. దాంట్ల కళ్యాణ్ అని ఉన్న కాడల్ల ఠాణే అని మార్చాలె. ఒక్కొక్కటి వెతుక్కుంట కూసోవద్దు. రీప్లేస్ ఆల్ అని ఉంటది, అది కొడితే అన్నీ ఒక్కసారే మారుతయ్. కాని కొట్టేముందు జర ఆగి ఆలోచించాలె. కంప్యూటర్‌కు బుద్ధుండదు, బుద్ధి మనకుండాలె!"

ఎంత గొప్పగ చెప్పిన్నో! గా మాట చెప్పినప్పుడు నా మొకం చూస్తే మీరు చప్పట్లు కొడుదురు.

మొదటి ప్రశ్న మస్తు అల్కటిది, చిన్న పోరడైనా చేస్తడు. 'మేక్ ఎ ఫోల్డర్, యువర్ నేమ్.' అంటే మీ పేరుతోని ఒక ఫోల్డర్ చెయ్యమని. సగం మంది 'యువర్ నేమ్' అనే పేరుతోనే ఫోల్డర్ చేసి పెట్టిన్రు. ఎవరిది ఏదో ఎట్ల తెలవాలె? "గిదేందిరా?" అంటే, "పేపర్ల ఏమున్నదో అదే చేసినం గదా మేడం," అన్నరు. ఒక పోరడు మౌసును ఎత్తి తీస్కపోయి తెర మీద పెట్టి నొక్కుతున్నడు. "మేడం, ఇది పని చేస్తలేదు, ఇంకోటి ఇయ్యుండ్రి!"

ఇంక మన చిప్ప ప్రదీప్ ఉన్నడు. మా బాపు దోస్తు రాజేశం కాక లేడా, సొంత సాంచాలున్నయ్, ఆయన కొడుకు. వాడు టైపు సుత చేసిండు, ఏదో తిప్పలు పడ్డడు. ఆఖరి ప్రశ్న, కంప్యూటర్ బంద్ చేసుడు. వాడు లేచిండు, టేబుల్ కింద దూరిండు, ఫట్ మని మెయిన్ స్విచ్ గుంజిండు! ఒక లైను లైనంత నల్లగైపోయింది. పిల్లలు లబోదిబో.

"ప్రదీపూ! ఏం చేసినవ్‌రా?"

"బంద్ చేసిన మేడం. సాంచా గిట్లనే గదా బంద్ చేస్తం."

అదే లైన్ల ఫిర్దౌస్ కూసున్నది. అన్సారీ చాచా బిడ్డ. చాచాకు వరాలా తలావ్ చెరువు దిక్కు సాంచాల సామాను బాగుచేసే చిన్న వర్క్‌షాప్ ఉన్నది. అందరు గోల పెడుతుంటే ఆ పిల్ల మాత్రం చేతులు కట్టుకొని చల్లగ కూసున్నది.

"నీది పోలేదా ఫిర్దౌస్?"

"లేదు మేడం. నేను లైను లైనుకు సేవ్ చేసుకున్న. మా ఇంట్ల కరెంటు ఎప్పుడు పోతదో ఎవరికి తెలుసు, అలవాటైంది."

స్విచ్ మళ్ల వేస్తే ఆ పిల్లది నిజంగనే అంతా ఉన్నది. తక్కినోళ్లకు మళ్ల రాయనిచ్చిన. ఫిర్దౌస్ పోయేటప్పుడు నా కాడికొచ్చి మెల్లగ అడిగింది. "మేడం, రిజల్ట్ ఎప్పుడు? పాసైతేనే అడ్వాన్స్ బ్యాచ్‌కు పంపుత అన్నడు మా అబ్బా. లేకుంటే కంప్యూటర్ మాట ఎత్తొద్దు, కుట్టు క్లాసుకు పొమ్మన్నడు."

"నువ్వు పరేషాన్ కాకు, రేపే పెడ్త," అన్న.

రేపే పెట్టిన. పెట్టుడే తప్పయింది.

మరునాడు సాయంత్రం రిజల్ట్ తయారైంది. మార్కుల లెక్కన వరుసగ పేర్లు, ఫిర్దౌస్ అందరికన్న పైన. అంతా ఇంగ్లీషుల. పేరు పక్కన పాసైతే 'పి', ఫెయిలైతే 'ఎఫ్' అని ఒక్కొక్క అక్షరమే కొట్టిన. సారు పూణే పోయేటందుకు బ్యాగు చంకల పెట్టుకొని నిలబడ్డడు. కరెంటు పోయే టైమైతున్నది, అందరికి తొందర.

తెర మీదికి ఒకసారి తొంగిచూసి అన్నడు. "పి, ఎఫ్ అంటే తల్లిదండ్రులకు ఏం అర్థమవుతుంది మేడం? పాస్, ఫెయిల్ అని పూర్తిగా ఉండాలి. రేపు చేస్తారా?"

రేపా? నేనా? కంప్యూటర్ మేడంనా? "ఒక్క నిమిషం సర్!" అన్న.

రీప్లేస్ ఆల్. ఎఫ్ ఉన్న కాడల్ల ఫెయిల్. కొట్టిన. మళ్ల రీప్లేస్ ఆల్. పి ఉన్న కాడల్ల పాస్. కొట్టిన. ఇన్ని కాడల మార్చిన అని కంప్యూటర్ లెక్క కూడ చెప్పింది. పిల్లలు ఉన్నదానికన్న శాన ఎక్కువ లెక్క! దాన్ని చూసి ఎవరికైన అనుమానం రావాలె గదా? నాకేమనిపించిందంటే, అబ్బ, ఎంత కష్టపడి పనిచేసింది పాపం అనిపించింది.

ప్రింటర్ కర్ర్ కర్ర్ మని రెండు కాపీలు కక్కుడు, కరెంటు పోవుడు ఒకటేసారి. మసక చీకట్ల సారు సంతకం పెట్టిండు. నేను ముద్ర కొట్టిన. ప్యూన్ షిందే భావు ఒకటి నోటీసు బోర్డుల పెట్టి, అద్దం తలుపు మూసి, తాళమేసి, తాళంచెవి జేబుల ఏసుకొని పక్కూరు పూర్ణల చుట్టాలింటికి పోయిండు. సారు పూణే పోయిండు. నేను ఇంటికొచ్చి హాయిగ పన్న.

తెల్లారి స్నానం చేసి జడేసుకుంటున్న. వాకిట్ల రాజేశం కాక గొంతు! "ఏమే బిడ్డా! నోరు తెరువు!" తెరిచిన. పేడా పెట్టిండు. మా అవ్వకు పెట్టిండు, మా బాపుకు పెట్టిండు, ఎదురింటోళ్లకు పెట్టిండు.

"దేనికి కాకా?"

"దేనికంటవేందే? నీ పరీక్షల మా ప్రదీప్‌గాడు పాసైండు గదా! పొద్దున్నే పోయి బోర్డు మీద నేనే నా కండ్లతోని చూసొచ్చిన. నాకు ఇంగ్లీషు రాదుగాని, గేట్ పాస్ కాగితాల మీద రోజూ చూస్త, పాస్ అన్న మాట గుర్తుపడ్త. వాడు వేలు పెట్టి చూపెట్టిన వాని పేర్ల పాసే పాస్! ఒక్కటి గాదు బిడ్డా, శాన ఉన్నయ్. గట్టిగ పాసైనట్టున్నడు!"

పేడా నోట్లనే ఆగిపోయింది. ప్రదీప్ ఏంది, పాసేంది? మెయిన్ స్విచ్ గుంజినోడు? వానికి నేను ఎఫ్ కొట్టింది నాకు మంచిగ యాదికున్నది. కొట్టుట్ల తప్పు పడ్డదేమో అనుకున్న. ఒక్క పేరే గదా, పోయి సరిజేస్త అనుకొని రిక్షా ఎక్కిన. ఒక్క పేరే అనుకున్న చూసిన్రా, ఎంత అమాయకురాలినో!

కాలేజీ గేటు కాడికే నవ్వులు వినిపిస్తున్నయ్. బోర్డు ముందట జాతర. ఒకడు సందూక మీద నిలబడి గట్టిగ చదువుతున్నడు. "పాసాటిల్! శిల్పాస! ఆసిఫెయిల్!" ప్రతి పేరుకు ఒక కేక.

జనాన్ని తోసుకొని పోయి చూసిన.

మీకు సమజ్ అయిందా? కంప్యూటర్‌కు పి అంటే పి నే. అది పాస్‌కు రాసిన పి నా, పాటిల్ పేర్ల పి నా దానికేమెరుక? కాగితం మీద ఏడ పి కనవడ్డా పాస్ అని పెట్టింది, ఏడ ఎఫ్ కనవడ్డా ఫెయిల్ అని పెట్టింది. పాటిల్ పాసాటిల్ అయిండు. శిల్ప శిల్పాస అయింది. ఆసిఫ్ పాపం మంచి మార్కులతోని పాసైండు, పేరేమో ఆసిఫెయిల్! కంప్యూటర్ అన్న మాటనే కంపాస్యూటర్ అయి కూసున్నది. మోమిన్ సలీం ఒక్కడే నీటుగ బయటపడ్డడు, వాని పేర్ల రెండక్షరాలూ లేవు.

చిప్ప ప్రదీప్ పేరు ఇంగ్లీషుల రాసి చూడుండ్రి, నాలుగు పి లు. ఇంటిపేర్ల రెండు, ముందటొకటి, ఆఖరుకొకటి. 'చిపాస్‌పాస పాస్‌రదీపాస్'! పేరు నిండ పాసులే పాసులు. ఆ పక్కన గళ్లల ఒంటరిగ ఒక్క ఫెయిల్. రాజేశం కాకకు అదేడ కనవడ్తది?

ఇగ అందరికన్న పైన, మొట్టమొదటి పేరు: 'ఫెయిలిర్దౌస్ అన్సారీ.'

కాగితం గుంజుదామంటే అద్దానికి తాళం. తాళంచెవి పూర్ణల! రెండు చేతులు చాపి బోర్డుకు అడ్డం నిలబడ్డ. ఎంత చాపితే ఏం లాభం, నేను పొట్టిదాన్ని, పోరలు నా తల మీదికెల్లే చదువుతున్నరు. "మేడం, జర ఎడమకు జరగుండ్రి, మా దోస్తుది కనవడ్తలేదు!" స్టాఫ్‌రూమ్‌కు ఉరికి పాత పేపర్లు తెచ్చి, జిగురు రాసి అద్దం మీద అంటించిన. హమ్మయ్య అనుకున్న. తిరిగి చూస్తే గుంపుల ఒక్కడు కదల్లే, అంటించిన పేపరే చదువుకుంట నిలబడ్డరు. ఒకడైతే, "మేడం, క్రికెట్ పేజీ లోపలికి పోయింది, తిప్పి అంటిస్తరా?" అన్నడు.

అప్పుడే షబానా అని ఫిర్దౌస్ దోస్తు వచ్చి నా కొంగు పట్టుకున్నది. దాని మొకంల నవ్వు లేదు.

"మేడం, ఫిర్దౌస్ పొద్దున వచ్చింది. గుంపుల ముందటికి పోలేకపోయింది. ఎవడో పోరడు 'ఫెయిల్... ఇర్దౌస్' అని గట్టిగ చదివిండు. గంతే మేడం, మళ్ల బోర్డు దిక్కు చూడలే. ఏడ్చుకుంట ఇంటికి పోయింది."

అప్పటిదాంక సిగ్గయింది నాకు. ఈ మాట వినంగనే ఆ సిగ్గు సుత మర్చిపోయిన. లైను లైనుకు సేవ్ చేసుకున్న పిల్ల! నేను పరేషాన్ కాకు అని మాటిచ్చిన పిల్ల!

బ్యాగు తీసుకొని ఉరుకుదామంటే పరాంజపే సారు పిలుపు. పూణే నుంచి పొద్దుగాల్నే దిగిండట. ఆయన టేబుల్ మీద అదే రిజల్ట్ ఇంకో కాపీ, ఆఫీసుకని తీసింది. అద్దాలు పెట్టుకొని ఆఖరున సంతకాల కాడి లైన్లు చదువుతున్నడు. మెల్లగ, ఒక్కొక్క ముక్క విడగొట్టుకుంట.

"పాస్... రిన్సి... పాసల్." తలెత్తి నన్ను చూసిండు. "ఇది నేనేనా?"

"అవును సర్. ప్రిన్సిపాల్."

"పాస్... రో... ఫెయిల్."

"అది... ప్రొఫ్ సర్. ప్రొఫెసర్."

"ముందు పాసయ్యాను, వెంటనే ఫెయిలయ్యాను. మరి ఈ పాసరాంజపాసే ఎవరు?"

ఆయన నవ్వడు, అరవడు. గదే భయం! ఇంకొక లైను కిందికి పోయిండు. "పరీక్ష ఇన్‌చార్జ్, స్వరూపాస. చూశారా మేడం, మమ్మల్నందరినీ ఏదో ఒకటి చేశారు. మీకు మీరు మాత్రం పాస్ వేసుకున్నారు."

"సర్, ఫిర్దౌస్..." అని జరిగింది చెప్పిన. ఆయన అద్దాలు తీసి పక్కన పెట్టిండు.

"ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లండి. ఇది తర్వాత చూద్దాం. మధ్యాహ్నం వరకు తల్లిదండ్రులు వస్తారు, అప్పటికి సరైన రిజల్ట్ బోర్డు మీద ఉండాలి."

వరాలా తలావ్ కాడ రిక్షా దిగి, చాచా వర్క్‌షాప్ వెతుక్కుంట పోయిన. దాని ఎనుకనే వాళ్ల ఇల్లు, నడుమ ఒక పరదా. ఆయన చేతులకు గ్రీజు, ఒళ్లంత ఇనుప పొడి. నన్ను చూసి లేచి సలాం చేసిండు, స్టూలు తుడిచి వేసిండు. ఆయన హిందీల మాట్లాడిండు, మర్యాద మాత్రం జరంత తగ్గలే. గా మర్యాదనే నాకు ఎక్కువ గుచ్చుకున్నది.

"ఫెయిల్ అయితే అయింది మేడంజీ, పిల్లలన్నంక అవుతరు. ఫెయిల్ అని పక్కన రాస్తే చాలు గదా? పేరు లోపలనే రాసిన్రట. మేం ఎంత మంచిగ వెతికి పెట్టుకున్న పేరు అది!"

సారు కాడికెల్లి తెచ్చుకున్న ఆఫీసు కాపీ తీసి చూపెట్టిన. "చాచా, మీ బిడ్డ పాసైంది. ఫస్టొచ్చింది. ఫెయిలైంది నేను."

ఆయనకు సమజ్ కాలే. ఇంగ్లీషుల పి, ఎఫ్ రాసి, ఏడేడ ఎట్ల పాడైందో చెప్పబట్టిన. చెప్పినకొద్ది ఆయనకు ఇంకింత గజిబిజి అయితున్నది. "అంటే మెషిన్ తప్పు చేసిందా?" అన్నడు. "లేదు చాచా, మెషిన్ నేను చెప్పిందే చేసింది." "అంటే మెషిన్ మంచిదే." "మంచిదే." "మరి?" మరి అంటే ఏం చెప్పుడు!

గంతల పరదా ఎనుకకెల్లి చిన్నగ కిక్కిక్ మని నవ్వు. ఫిర్దౌస్! కండ్లు ఎర్రగ ఉబ్బి ఉన్నయ్, నోటికి దుపట్టా అడ్డం పెట్టుకున్నది, నవ్వు ఆగుతలేదు. నా చేతిల కాగితం తీస్కొని పైకెల్లి కిందిదాంక చదివింది. ప్రదీప్ పేరు కాడికి రాంగనే గోడకు ఆనుకొని కిందికి కూలబడ్డది.

"మేడం, హోల్ వర్డ్ అని చిన్న డబ్బా ఉంటది గదా, దాంట్ల టిక్ పెట్టలేదా? టిక్ పెడితే విడిగ ఉన్న పి నే మారుస్తది, పేర్ల ఉన్నది ముట్టుకోదు."

"పెట్టలే."

"మీరే చెప్పిన్రు గదా మేడం, కొట్టేముందు ఆలోచించాలె అని..."

"చెప్పిన."

చాచా మా ఇద్దరిని మార్చి మార్చి చూసిండు. "నా బిడ్డ చెప్తుంటే మేడం వింటున్నదంటే, నిజంగనే ఫస్టొచ్చినట్టుంది," అన్నడు. గా ఒక్క మాటకు ఆ పిల్ల మొకం చూడాలె మీరు! పక్క హోటల్ల నుంచి నాకు చాయ్ తెప్పించిండు. కాని అడ్వాన్స్ బ్యాచ్ సంగతి ఎత్తితే మాత్రం, "బోర్డు మీద సక్కగ పేరు కనవడాలె, నేనొచ్చి చూస్త, అప్పుడు పంపుత," అన్నడు. న్యాయమే గదా!

ఫిర్దౌస్‌ను ఎంటబెట్టుకొని కాలేజీకొచ్చిన. పాత ఫైలు తీద్దాం, టిక్ పెడ్దాం, ప్రింట్ కొడ్దాం, నిమిషం పని అనుకుంట ల్యాబు తలుపు తీసిన. చీకటి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. సాంచాల మోత కూడ బంద్. భివండీల పట్టపగలు గంత నిశ్శబ్దం ఎన్నడన్న విన్నరా? నేను చేసిన పనికి ఊరంత మౌనం పాటించినట్టున్నది.

"ఎప్పుడొస్తది?" అని ఆఫీసుల అడిగితే, "రాత్రికొస్తదేమో," అన్నరు. గేటు కాడ తల్లిదండ్రులు అప్పుడే జమైతున్నరు. సారు కిటికీలకెల్లి వాళ్లను చూసి, నన్ను చూసి, ఒక్కటే మాటన్నడు. "చేత్తో రాయండి."

ఇగ తప్పుతదా! పెద్ద చార్ట్ పేపరు, స్కెచ్ పెన్నులు. ల్యాబుల, మూసిన కంప్యూటర్ల నడుమ, నేల మీద బోర్ల పడుకొని నేను రాస్తున్న. ఫిర్దౌస్ పక్కన కూసొని పేర్లు చెప్తున్నది, ప్రతి అక్షరం చూస్తున్నది. "మేడం, పాటిల్‌ల ఒక్కటే పి." "ఎరుకే!" "చెప్తున్న అంతే." దాని పేరు అన్నింటికన్న పైన, ఎర్ర పెన్నుతోని, పెద్దగ రాసిన. ఎఫ్ ఒక్కటే రాసి, మళ్లొకసారి చూసుకొని, అప్పుడు ముందటికి పోయిన.

రాసుడు అయిపోయేటప్పటికి షిందే భావు తాళంచెవితోని వచ్చిండు. అద్దం మీద నా పేపర్లు గీకుతుంటే రాజేశం కాక దిగిండు, పక్కన ప్రదీప్ తల వంచుకొని. ఎవరో చెప్పినట్టున్నరు, పేడాలు తొందరపడి పంచినవని. కాక సీదా పాత కాగితం ముందట నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టిండు.

"ఇగో పాస్. ఇగో ఇంకో పాస్. ఇది పాస్. గిది సుత పాస్. నాలుగు పాసులున్నయ్ బిడ్డా! ఫెయిల్ ఒక్కటే. ఎలక్షన్ల ఎట్ల చూస్తరు? ఎక్కువ ఎటు దిక్కు ఉంటే గటే గదా?"

"కాకా, అవి పాసులు కాదు, వాని పేర్ల అక్షరాలు. నేనే తప్పు కొట్టిన. ప్రదీప్ ఫెయిలైండు."

"మరి నేను పెట్టిన పేడాలు?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. "కాకా, నేను కూడ తిన్న."

ప్రదీప్ మెల్లగ, "నేను పొద్దున్నే చెప్పిన బాపూ, పక్కన గళ్లల ఫెయిల్ ఉన్నదని. నువ్విన్నవా?" అన్నడు.

కాక జరసేపు గడ్డం గోక్కున్నడు. కోపానికొస్తడేమో అని నేను వెనుకకు జరిగిన. ఆయనేమో తలూపి, "సరే తియ్. గల్లీ అంత తిన్నది, వాపస్ కక్కమంటే కక్కుతరా? పేడా తిన్నదానివి గదా, వాన్ని పాస్ చేయించే బాధ్యత ఇంక నీదే. రోజూ సాయంత్రం పంపుత," అన్నడు. "పంపు కాకా, ముందుగాల్ల స్విచ్ ఎట్ల బంద్ చెయ్యాల్నో నేర్పుత," అన్న.

అప్పటికి అన్సారీ చాచా కూడ వచ్చి నిలబడ్డడు, చేతులు సబ్బు పెట్టి కడుక్కొని, తెల్ల కుర్తా తొడుక్కొని. షిందే భావు పాతది గుంజి, నా చార్ట్ పెట్టిండు. చాచా పైన ఎర్రగ ఉన్న పేరును ఒక్కొక్క అక్షరం చదివిండు. మళ్ల చదివిండు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టిండు, నా దిక్కు తిరిగి, "సోమవారం నుంచి వస్తది," అన్నడు.

నా పర్మనెంట్ సంగతంటరా? తెల్వది తల్లీ! సారు నిన్న కొత్త నోటీసు తీసిండు. వచ్చే నెల స్టాఫ్‌కు కూడ కంప్యూటర్ పరీక్షట. మొదటి పేరు నాదే.

గాని అసలు మాట చెప్పలే. అందరు పోయినంక రాజేశం కాక బోర్డు కాడనే ఆగిండు. అద్దం మీద ముక్కు ఆనిచ్చి నా చార్ట్ చూసిండు. ఇటుకెల్లి చూసిండు, అటుకెల్లి చూసిండు. తిరిగి నన్ను మెచ్చుకుంట అన్నడు గదా:

"బిడ్డా, నిన్నటి కంప్యూటర్ కన్న ఇది మస్తున్నదే! అచ్చం మనిషి చేత్తో రాసినట్టే కొట్టింది!"

నా వేళ్ల నిండ ఎర్ర మరకలు. చెయ్యి మెల్లగ కొంగు చాటుకు పెట్టుకొని, "అవును కాకా, కొత్త మోడల్. దీనికి కరెంటు కూడ అక్కరలేదు," అన్న.